నాలుగు ఆదివారాల ఇంటి రిపేర్ల క్లాసుకు 2,500 పెట్టొచ్చా?

మీరు అడిగింది టూకీగా ఇది. హనుమకొండ గోపాలపూర్‌లో అద్దెకుంటున్నారు, టీచర్ ఉద్యోగం. మీ ఆయన హైదరాబాద్‌లో, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకముందే రైలెక్కుతారు. వంటింట్లో నల్లా కారుతోంది, ఫ్లష్ ట్యాంకు రాత్రంతా సన్నగా చప్పుడు చేస్తోంది, వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. "సాయంత్రం వస్తా మేడమ్" అన్న ప్లంబర్ మూడు రోజులైనా పత్తా లేడు. నాలుగు ఆదివారాల్లో ఇంటి రిపేర్లు నేర్పుతామన్న బోర్డు ఒకటి చూశారు, ఫీజు 2,500. స్క్రూ డ్రైవర్ పట్టడం కూడా రాని మనిషి చేరొచ్చా, వీడియోలు చూస్తే సరిపోదా అని అడిగారు.

చేరండి చెల్లెమ్మా. కాకపోతే ఒక షరతు: పాత నల్లాను మీ చేతే విప్పించి మీ చేతే బిగించే క్లాసైతేనే. సారు విప్పి చూపిస్తుంటే ఇరవై మంది చుట్టూ నిలబడి ఫోన్లలో తీసుకునే క్లాసైతే వద్దు. అలాంటివి ఇంట్లో కూర్చుని ఊరికే చూడొచ్చు.

ఇంకో మాట. వాషింగ్ మెషిన్ సంగతి క్లాసు దాకా ఆగేది కాదు. ఇవాళే స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా పెట్టకండి. ఎందుకో కింద చెప్తాను.

నేను ఒక కాలేజీ హాస్టల్లో 22 ఏళ్లు మెయింటెనెన్స్ చూసి బయటికొచ్చాను. ఏడేళ్లుగా నయీంనగర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు నేర్పుతున్నాను, బ్యాచ్‌కి ఎనిమిది మందే. మీరు చూసిన క్లాసు నాది కాదు. నా సరుకు నేను అమ్ముకుంటున్నాననుకోకండి.

మొదటి ఆదివారం మా దగ్గర రిపేరు అనేదే ఉండదు. ఆపడం ఒక్కటే నేర్పుతాం. నీళ్లు ఎక్కడ ఆపాలి, కరెంటు ఎక్కడ ఆపాలి, గ్యాస్ ఎక్కడ ఆపాలి. వచ్చినవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. ఒకాయన అయితే "దీనికా పైసలు కట్టింది" అని మొహం మీదే అన్నాడు. నేను దీన్ని నీళ్లలో తడిసి నేర్చుకున్నాను మరి. హాస్టల్లో చేరిన మొదటి ఏడాది, మూడో అంతస్తు బాత్రూంలో నల్లా మార్చమన్నారు. నీళ్లు ఆపే గేట్ వాల్వ్ పదేళ్లుగా ఎవరూ తిప్పలేదు, బిగుసుకుపోయింది. పైపు పానా పెట్టి, దానికి ఇంకో పైపు తొడిగి, బలమంతా పెట్టి తిప్పాను. వాల్వ్ తిరగలేదు, లోపలి కడ్డీ టప్పున విరిగింది. సరే, నీళ్లు సన్నగానే వస్తాయిలే అని మొండిగా నల్లా విప్పాను. పైన రెండు వేల లీటర్ల ట్యాంకు. నీళ్లు వరండా దాటి మెట్ల మీదుగా దిగుతుంటే పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. వార్డెన్ తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

బిగుసుకున్న వాల్వును ఒకే వైపు తిప్పకూడదు. కొంచెం ఇటు, కొంచెం అటు, మళ్లీ ఇటు. కడ్డీ చుట్టూ రెండు చుక్కల నూనె వేసి పావుగంట ఆగాలి. అది కదిలాక పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి, చివర్లో అరచుట్టు వెనక్కి తిప్పి వదలాలి. మూడు నెలలకోసారి ఇలా ఆడిస్తే అవసరమైన రోజున మొరాయించదు. మీ పోర్షన్‌కు విడిగా వాల్వ్ ఉందా, లేక మేడ మీద ట్యాంకు దగ్గరే ఆపాలా అన్నది ఓనర్‌ను అడిగి తెలుసుకోండి. చాలామందికి పదేళ్లు ఉన్న ఇంట్లోనే ఇది తెలియదు.

కరెంటుకు మెయిన్ దించితే చాలనుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో చాలదు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, ఫ్యాను లైన్లలో కరెంటు అలాగే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఔట్‌పుట్ ఆపాలి, తర్వాత మెయిన్, ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూడాలి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ నాబ్ ఆపి కిటికీలు తీయాలి. స్విచ్చులు వేయకూడదు, ఆపనూ కూడదు. గ్యాస్ లీకుల కోసం ఉన్న 1906 నంబరుకు బయటికొచ్చి ఫోన్ చేయాలి, వంటింట్లో నిలబడి కాదు.

2023 జులై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మా పాత బ్యాచ్‌లోని ఒకామె ఫోన్ చేసింది. నీళ్లు గడప దాటకముందే మెయిన్ దించేసిందట. "సార్, నీళ్లు పోయినయి, ఇప్పుడు వేయొచ్చా" అని అడిగింది. వద్దన్నాను. కింది ప్లగ్గు బోర్డుల్లోకి నీళ్లు ఎక్కాయి కాబట్టి వాటిని విప్పి, ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాకే వేయాలి. ఆమె నేర్చుకున్న నాలుగు వారాల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ మొదటి వారమే.

ఇక నల్లా. మీరు నేర్చుకోబోయే మొదటి అసలు పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మీది రెండు మూడు చుట్లు తిప్పే పాత ఇత్తడి నల్లానా, పావుచుట్టుకే తెరుచుకునేదా చూడండి. పాతదైతే లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. వాల్వ్ మూసి, నల్లా తెరిచి, పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వాలి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కాలి. ఇది మరిచినవాళ్ల చిన్న స్క్రూ నేరుగా మోరీలోకే పోతుంది. స్క్రూ పానాతో తల భాగం విప్పి బయటికి తీస్తే చివర్లో ఆ నల్ల రబ్బరు బిళ్ల కనిపిస్తుంది. దాని మీద గుండ్రంగా ఒక గాడి పడి ఉంటుంది. కారడానికి కారణం చాలాసార్లు ఆ గాడే. ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లూ ఏం చేసి ఉంటారంటే, కారినకొద్దీ గట్టిగా బిగించి ఉంటారు. బిగించినకొద్దీ గాడి లోతైంది. కొత్త వాషర్ పదిరూపాయల లోపే. అది వేసే ముందు నల్లా లోపల అది కూర్చునే అంచును వేలితో తడిమి చూడండి. గరుకుగా, చెక్కినట్టుగా ఉంటే వాషర్ మార్చినా మళ్లీ కారుతుంది, నల్లానే మార్చుకోవడం మేలు.

పావుచుట్టు నల్లాలో వాషర్ ఉండదు, పింగాణీ బిళ్లల కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాన్ని పట్టుకుని షాపుకు వెళ్లండి. పొడవు, పైన పళ్ల లెక్క కంపెనీకో రకం. "హాఫ్ ఇంచ్‌ది ఇవ్వండి" అని నోటితో అడిగి తెచ్చినవాళ్లు రెండోసారి షాపుకు పోవడం నేను చూస్తూనే ఉంటాను.

కొత్త నల్లా బిగించేముందు, నీళ్లు కారకుండా మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. మరలు మీ వైపు తిప్పి పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపంతా ముద్దగా బయటికి వచ్చేస్తుంది. ఇంకా పెద్ద తప్పు బలం. గోడలో ఉండే ప్లాస్టిక్ మరల ఎల్బోలో, అంటే పైపు మలుపు ముక్కలో, ఇత్తడి నల్లాను చేత్తో బిగినంత బిగించి, పానాతో ఇంకొక్క అరచుట్టు, అంతే. నల్లా నిటారుగా రాలేదని ఇంకో చుట్టు తిప్పితే గోడలో ఉన్న ఎల్బో పగులుతుంది. అప్పుడు టైల్స్ పగలగొట్టాలి, పది రూపాయల పని నాలుగు వేలకు చేరుతుంది. ఎంత బిగిస్తే ఎక్కడ ఆపాలో మణికట్టుకు తెలియాలి. వీడియోలు సరిపోవని నేను అనేది ఇందుకే. వీడియోలో నట్టు ఎప్పుడూ వచ్చేస్తుంది. మీ ఇంట్లో రాదు.

ఫ్లష్ ట్యాంకుకు ముందు రోగం ఏంటో చూడండి. మూత తీసి, నీటి మట్టం లోపలి నిలువు గొట్టం అంచు దాకా వచ్చి అందులోకి జారుతోందా చూడండి. జారుతుంటే నీళ్ల మీద తేలే ఫ్లోట్ కిందికి దించాలి, లేదా దానికున్న నీళ్లాపే వాల్వ్ మార్చాలి. మట్టం అంతకన్నా కిందే ఉంటే ట్యాంకులో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఫ్లష్ చేయకండి. కింద కమోడ్‌లో నీలం దిగితే అడుగు వాషర్ పోయినట్టు. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ క్లర్కు గారు ఈ పరీక్ష ఇంట్లో చేసి, తమ మోటారు రోజూ రెండుసార్లు ఎందుకు వేయాల్సి వస్తోందో కనిపెట్టారు. అంతకుముందు కింది పోర్షన్‌వాళ్లు నీళ్లు ఎక్కువ వాడుతున్నారని గొడవ కూడా పెట్టుకున్నారట!

షవర్ సన్నగా వస్తుంటే అది రిపేరు కూడా కాదు. సబ్బు నురగ రాని బోరు నీళ్లకు రంధ్రాల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. షవర్ మూత, నల్లా మూతి జల్లెడ విప్పి గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

కరెంటు భయం గురించి. ఆ భయం పోవాల్సిన పనిలేదు, ఎక్కడ భయపడాలో తెలిస్తే చాలు. ఏది మనం చేసుకోవచ్చు, ఏది కూడదు అన్న గీత నేను గీసింది కాదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధనే ఇది చెప్పింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఇంటి పరికరాల వంటివి, లోడు, తీరు మారకుండా పాతదాని స్థానంలో కొత్తది పెట్టుకోవడం వరకు మినహాయింపు. మిగతా వైరింగ్ అంతా లైసెన్సున్న కాంట్రాక్టర్‌తోనే చేయించాలి. వాటి స్థానంలో 2010లో వచ్చిన నిబంధనల్లోనూ ఈ తేడా ఉంచారు. నా క్లాసులో కూడా అక్కడికే ఆపుతాను. కొత్త పాయింట్ లాగడం, బోర్డు మార్చడం, ఎర్తింగ్ మీ చేత చేయిస్తామని ఎవరైనా అంటే ఆ క్లాసుకు పోకండి. మీటరు నుంచి స్తంభం వైపు ఏది జరిగినా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయడమే, ముట్టుకోవద్దు.

టెస్టర్ మాత్రం బాగా నేర్చుకోండి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూడాలి, తర్వాతే అనుమానం ఉన్న చోట. చెడిన టెస్టర్ కూడా "కరెంటు లేదు" అనే చెప్తుంది కదా. ఇంకో తమాషా చూపిస్తాను క్లాసులో. ఫ్యాను స్విచ్చు వేసి ఉంది, తిరగదు. రెండు వైర్లలోనూ టెస్టర్ వెలుగుతుంది. రెండు వైపులా కరెంటు ఉంటే తిరగాలి కదా అంటారు అందరూ. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు ఎక్కడో తెగింది, కరెంటు తెచ్చే ఫేజ్ ఫ్యాను చుట్టల గుండా వచ్చి రెండో వైరులోనూ నిలబడింది. ఇలాంటప్పుడు నలుపు వైరు కదా అని పట్టుకుంటే కొడుతుంది. రంగులను నమ్మకండి. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని పుస్తకంలో ఉంటుంది, పాత ఇళ్లలో మేస్త్రీ దగ్గర ఆ రోజు ఏ రంగు ఉంటే అది ఉంటుంది.

మీ వాషింగ్ మెషిన్ దగ్గరికి వస్తే, జిల్లుమనడం అంటే సాధారణంగా లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ మెషిన్ రేకుకు అందడం లేదని. ప్లగ్గులో మూడో పెద్ద రంధ్రం ఉంటుంది, వెనక వైరే ఉండదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటి చూశాను. కాజీపేటలో ఒక ముసలమ్మ ఇంట్లో, జిల్లుమంటోందంటే ఎవరో వచ్చి ఆ మూడో రంధ్రానికి న్యూట్రల్ నుంచే చిన్న వైరు ముక్క కలిపిపోయారు. జిల్లు ఆగింది, ఆమె సంతోషపడింది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగి ఉంటే 230 వోల్టులూ మెషిన్ రేకు మీదే ఉండేవి, అదీ తడి బాత్రూంలో. కాబట్టి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు రెండు మాటలు అడగండి: ఎర్త్ వైరు నిజంగా నేలలోని ఎర్త్ గుంత దాకా ఉందా, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉందా. ఎంసీబీ ఉంది కదా అంటాడు. ఎంసీబీ వైరు మాడకుండా చూస్తుంది, మనిషికి షాక్ తగిలితే పడిపోవాల్సింది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడటం మీ పని. దండెం తీగ ఇనుపదైతే అది కూడా మార్చి నైలాన్ తాడు కట్టండి. వానాకాలంలో దండెం మీద బట్టలు ఆరేస్తూ షాక్‌తో పోయినవాళ్ల వార్తలు మన పేపర్లలో ఏటా చూస్తూనే ఉన్నాం.

ప్లగ్గులో మాడిన మచ్చ ఉంటే ఈ లెక్క చూడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో కన్వర్టర్ పెట్టి నడిపితే కరగక ఏం చేస్తుంది? 16 ఆంపియర్ల పాయింట్‌లోనే పెట్టాలి.

గోడకు రంధ్రాలు, తలుపులు, లప్పం పెట్టడం లాంటివి చివరి ఆదివారం. వీటిలో ఒకటే హెచ్చరిక: స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, నల్లాకు సూటిగా పైనా పక్కలా డ్రిల్ పెట్టకండి, లోపల పైపు ఉంటుంది. మా షెడ్డులోనే ఒక పోరడు గడియారం కోసం సరిగ్గా బోర్డు పైన దింపాడు. మెయిన్ దించి ఉంది కాబట్టి నవ్వుకున్నాం. తలుపు వానాకాలంలో బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి, ఏప్రిల్ వచ్చేసరికి సందులోంచి బల్లులు వస్తాయి. రాసుకునే చోట కొవ్వొత్తి రుద్ది దసరా దాకా ఓపిక పట్టండి.

క్లాసు మంచిదో కాదో ఎలా తెలుస్తుందంటే, డబ్బు కట్టేముందు ఒకసారి వెళ్లి వాళ్ల సామాను చూడండి. బల్ల మీద అన్నీ మెరిసే కొత్త నల్లాలు, కొత్త పైపులు ఉంటే అనుమానించండి. కొత్తవాటి మీద ఎవరైనా చేస్తారు. నేను పాత ఇనుము కొట్టు నుంచి తుప్పు పట్టిన నల్లాలు, మాడిన హోల్డర్లు కిలోల లెక్కన తెచ్చుకుంటాను. ఒక సారుకు ఎంతమంది అని అడగండి, పదికి మించితే మీ చేతికి పానా వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. "ఏవి నేర్పరు?" అని కూడా అడగండి. అన్నీ నేర్పుతాం మేడమ్ అనేవాడికన్నా, ఇవి మేం ముట్టం అని లెక్కపెట్టి చెప్పేవాడు నయం. ఆడవాళ్లకు చేతుల్లో బలం చాలదేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి. బలం పానా పిడి పొడవులో ఉంటుంది. చిన్న పానాతో మగాడు కూడా ఎర్రబడిపోతాడు, పది అంగుళాల దానితో మా అత్తమ్మ కూడా విప్పింది.

డబ్బు లెక్క నిజం చెప్పాలంటే, 2,500 ఏడాదిలో తిరిగి రాకపోవచ్చు. ప్లంబర్ వచ్చి చూసినందుకే రెండొందలు తీసుకుంటాడు, మీకు ఏడాదిలో అలాంటివి ఏడెనిమిది పడతాయేమో. లాభం వేరే చోట ఉంది. "మొత్తం సెట్ మార్చాలి" అన్నప్పుడు వాషరా, కార్ట్రిడ్జా అని మీరు అడగగలరు. అలా అడిగిన ఇంట్లో మాట తీరు మారుతుంది, నేను అవతలి వైపు పనిచేసిన మనిషినే కాబట్టి తెలుసు. ఇదే వృత్తిగా చేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఈ నాలుగు వారాలు చాలవు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, ప్లంబర్ ఒక ఏడాది. పల్లె యువతకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో ఉచిత శిక్షణ ఉంటుంది, మీ స్టూడెంట్స్‌లో ఎవరికైనా చెప్పండి.

సామాను ఒకేసారి కొనకండి. పది అంగుళాల స్క్రూ పానా, రెండు రకాల స్క్రూ డ్రైవర్లు, టెస్టర్, కటింగ్ ప్లయర్, టెఫ్లాన్ టేపు, ఇన్సులేషన్ టేపు చాలు. డ్రిల్ అడిగి తెచ్చుకోవచ్చు. అద్దె ఇల్లు కాబట్టి మార్చిన పాత నల్లాను పారేయకుండా కవర్లో పెట్టి ఉంచండి, ఖాళీ చేసే రోజు అడ్వాన్సు దగ్గర మాట రాకుండా.

ఈ ఆదివారం వెళ్లే ముందు మీ గేట్ వాల్వ్ ఎక్కడుందో చూసి ఫొటో తీసుకోండి. మెల్లగా ఇటూ అటూ ఆడించి చూడండి. కదలకపోతే వదిలేయండి, బలవంతం వద్దు. ఆ ఫొటో తీసుకెళ్లి "ఇది తిరగట్లేదు, ఏం చేయాలి?" అని అక్కడ అడగండి. సారు ఏం చెప్తాడో విని, డబ్బులు ఆ తర్వాత కట్టండి.